కొండ పాదాల రేగడి బీళ్లు: నలుపు ఒకటే, నేలలు వేరు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు వైపు పోతుంటే తూర్పున నల్లమల, పడమటి దిక్కున ఎర్రమల. ఈ రెండు కొండల వరుసల నడుమ కుందూ పారే లోయ రాయలసీమలో పేరున్న రేగడి. శనగ, జొన్న, పత్తి, మిరప పండే ఆ చేల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పుకోవాల్సింది లోయ అంచుల గురించి. కొండ వాలు తగ్గి, రాళ్లు పలచబడి, సాగు ఇంకా మొదలుకాని చోట ఒక బీడు పట్టీ ఉంటుంది. రికార్డుల్లో అది కొన్నిచోట్ల మేత పోరంబోకు, కొన్నిచోట్ల బంజరు, కొన్నిచోట్ల అడవి హద్దు. ఊరి గొర్రెలు, మేకలు, వట్టిపోయిన పశువులు ఏడాదిలో చాలా నెలలు దీని మీదే బతుకుతాయి. కడప జిల్లాలో జమ్మలమడుగు, ముద్దనూరు వైపు, అనంతపురం జిల్లాలో తాడిపత్రి, యాడికి వైపు కూడా ఇలాంటి బీళ్లు ఉన్నాయి.

వానకు జిగట, ఎండకు నెర్రెలు, నల్ల రంగు. ఈ మూడూ కనిపిస్తే చాలు, రేగడి అనేసి ఊరుకుంటాం. పైరు విషయంలో ఆ మాట చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే రైతు తన చేను లోతెంతో ఏళ్ల తరబడి దున్ని తెలుసుకుని ఉంటాడు. బీడును దున్నినవాడు లేడు. ఒకే వాలు మీద, కాస్త ఎడంగా ఉన్న రెండు చోట్ల పైకి ఒకే నలుపు ఉండొచ్చు. తవ్వితే ఒకచోట అడుగున్నర కింద బండ తగులుతుంది, ఇంకోచోట నిలువెత్తు గుంత తీసినా బంకమన్నే వస్తుంది. ఈ రెండింటి మీద గడ్డి మొలిచే నెల వేరు, ఎండే నెల వేరు, మందను తోలాల్సిన కాలం వేరు. అయినా మేత భూముల అభివృద్ధి అని ఎప్పుడు మొదలుపెట్టినా రెండింటికీ ఒకే గడ్డి విత్తనం, ఒకే రకం కందకం వస్తాయి. ఈ బీళ్లకు జరిగే నష్టంలో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

బడి పుస్తకాల్లో నల్లరేగడి అంటే దక్కను లావా రాయి నుంచి పుట్టిన నేల. మహారాష్ట్రలో అది నిజం. కర్నూలు, కడపల దాకా ఆ లావా రాలేదు. కుందూ లోయ కింద ఉన్నది సున్నపురాయి, షేల్ అనే పొరల రాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి ఇళ్లకు పరిచే నాపబండలు వచ్చేది ఈ సున్నపురాయిలోంచే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాళ్లను కడప, కర్నూలు అని రెండు సముదాయాలుగా విడదీసి రాశాడు. నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అని శాస్త్రంలో నేటికీ మన ఊళ్ల పేర్లే వాడతారు. పులివెందుల, తాడిపత్రి వైపు ఈ రాళ్ల మధ్యకు చొరబడిన నల్లరాయి కొంత ఉంది గానీ, దక్కను లావా పుట్టడానికి వంద కోట్ల ఏళ్లకు పైగా ముందటిది అది.

లావా లేకుండా రేగడి ఎలా వచ్చింది? సున్నపురాయి వాన నీటికి కరిగిపోతుంది, దానిలో ఇమిడి ఉన్న బంకమన్ను మిగిలిపోతుంది. షేల్ అయితే పుట్టుకతోనే గట్టిపడిన బంకమన్ను. కొండ మీద క్వార్ట్జైట్ అనే గట్టిపడ్డ ఇసుకరాయి త్వరగా అరగదు కాబట్టి అక్కడి నుంచి రాళ్లు, గరుసు దొర్లి వస్తాయి. వాలు మీద పడ్డ వాన సున్నాన్ని, మెగ్నీషియాన్ని, సిలికాను కరిగించుకుని కిందికి తెస్తుంది. కొండ పాదం దగ్గర నీటి నడక మందగిస్తుంది, తెచ్చినవన్నీ అక్కడ నిలుస్తాయి. క్షార గుణమున్న అలాంటి తావులో స్మెక్టైట్ అనే రకం బంకమన్ను నిలబడుతుంది, కొత్తగా పుడుతుంది కూడా. వాలు పైన నీరు త్వరగా జారిపోయే చోట మిగిలేది కయొలినైట్ అనే ఇంకో రకం బంకమన్ను, ఇనుపతుప్పు రంగు. అనంతపురం గ్రానైట్ నేలల్లో మిట్ట మీద ఎర్రగా, పల్లంలో నల్లగా ఉండటానికీ ముఖ్య కారణం ఇదే. రంగు మారే గీత చాలాచోట్ల నీటి నడక మారే గీత.

నలుపు గురించి ఇంకో అపోహ ఉంది. నల్లగా ఉంది కాబట్టి సారమెక్కువ అనుకుంటారు. ఈ నేలల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా ఒక శాతం లోపే, చాలాచోట్ల దానిలో సగమే. ఆ కొద్దిపాటి కర్బనం స్మెక్టైట్‌కు గట్టిగా అంటుకుని ఉండటం వల్లే అంత ముదురు రంగు కనిపిస్తుంది. సున్నం, మెగ్నీషియం, పొటాష్ బాగానే ఉంటాయి, నత్రజని తక్కువ, భాస్వరాన్ని సున్నం పట్టి ఉంచుతుంది. కాబట్టి ఈ బీడు మీద గడ్డి ఒత్తుగా కనిపించినా దానిలో మాంసకృత్తులు త్వరగా పడిపోతాయి. పూత దాటిన గడ్డి కడుపు నింపుతుంది గానీ పాలు పెంచదు.

బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్ కంటే సన్నం. అయితే సన్నదనం ఒక్కటే ఈ నేల గుణాన్ని వివరించదు. స్మెక్టైట్ రేణువు అతి పలచని పొరలుగా, అప్పడాల కట్ట మాదిరి ఉంటుంది, ఆ పొరల మధ్యకు నీరు దూరగలదు. నీరు దూరితే కట్ట ఉబ్బుతుంది, పోతే అణిగిపోతుంది. కయొలినైట్‌లో పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, వాటి మధ్యకు నీటికి దారి లేదు. ఒక గ్రాము స్మెక్టైట్‌లో పొరల ఉపరితలమంతా కలిపితే 700–800 చదరపు మీటర్ల దాకా వస్తుంది, కయొలినైట్‌లో 10–20 చదరపు మీటర్లే. నీటినీ పోషకాలనీ పట్టి ఉంచే శక్తిలో ఎర్రనేలకూ రేగడికీ ఉన్న తేడా అంతా ఈ అంకెల్లోనే ఉంది.

గుంత తీసి చూస్తే

ఎండాకాలం చివర్లో, కొండ పాదానికి కాస్త దిగువన లోతైన చోట ఒకటిన్నర మీటరు గుంత తీస్తే నేల తన కథ తానే చెబుతుంది. పైన నాలుగైదు సెంటీమీటర్లు గోధుమ నూక లాంటి వదులు మట్టి, కాలు పెడితే జారుతుంది. దాని కింద గట్టి పెళ్లలు, వాటి మధ్య నిలువు నెర్రెలు. నెర్రెలో పుల్ల దూరిస్తే రెండు మూడు అడుగులు దిగిపోతుంది, పైనున్న వదులు మట్టీ గడ్డి చెత్తా లోపలికి రాలి కనిపిస్తాయి. అరవై సెంటీమీటర్ల కింద అసలు గుర్తు బయటపడుతుంది. పెళ్లను చేత్తో విడదీస్తే అది చదరంగా విరగదు, ఏటవాలుగా జారి విడిపోతుంది. విడిపోయిన ముఖం నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, దాని మీద ఒకే దిక్కుగా సన్నటి గీతలు ఉంటాయి. వాటినే స్లికెన్‌సైడ్లు అంటారు. వానాకాలంలో కింది మట్టి ఉబ్బినప్పుడు పక్కకు చోటు లేక ఒక పెళ్ల ఇంకోదాని మీద ఒరుసుకుంటూ పైకి జరిగిందనడానికి ఆ గీతలే సాక్ష్యం. ఇంకా కింద తెల్లటి సున్నపు గుండ్లు. వాటి మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది.

ఈ జారుడు ముఖాలున్న నేల ఏటా కదులుతూనే ఉంటుంది. బీడు అంచున నాటిన కంచె రాళ్లు ఒరిగిపోవడం, పశువుల నీళ్ల తొట్టి గోడ మూలన పగలడం, వేసిన కాంక్రీటు పలక ఒక పక్కకు లేవడం అన్నీ ఈ కదలిక ఫలితమే. చెట్లు ఇక్కడ తక్కువ కావడానికీ ఇదొక కారణం. నెర్రె విచ్చుకున్నప్పుడు లేత వేరు తెగిపోతుంది. నల్లతుమ్మ లాంటి కొన్ని తట్టుకుంటాయి. పీచు వేర్లున్న గడ్డి తెగినా మళ్లీ వేరు పుట్టించుకుంటుంది కాబట్టి ఈ నేల స్వభావం రీత్యా గడ్డి నేల. చెట్లు లేవు కనక ఇది పాడుబడిన భూమి అని తీర్మానించడం పూర్తిగా తప్పు.

దున్నని బీటిలో ఇంకొకటి కనిపిస్తుంది, చేలల్లో అది చెరిగిపోయి ఉంటుంది. నేల సమంగా ఉండదు, కొద్ది మీటర్ల దూరానికో చిన్న గుంట, పక్కనే చిన్న మిట్ట. కింది మట్టి పైకి నెట్టుకొచ్చిన మిట్ట మీద సున్నపు గుండ్లు తేలి ఉంటాయి. గుంటలో వాన నీరు నిలిచి తుంగ మొలుస్తుంది. గిల్గై అనే ఈ ఎగుడుదిగుడు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ నేల ఎన్నాళ్లుగానో నాగలి ఎరగదని అర్థం చేసుకోవచ్చు. అక్కడి పచ్చిక విలువ కూడా ఎక్కువే, ఎందుకంటే తడి గడ్డి, పొడి గడ్డి రెండూ పక్కపక్కనే దొరుకుతాయి.

ఏ పేరు పెట్టాలి

ఈ సీమ 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి పోయాక థామస్ మన్రో ఇక్కడ భూముల కొలతలు, పన్ను లెక్కలు నడిపించాడు. తర్వాత మద్రాసు రైత్వారీ సెటిల్మెంట్లు నేలను రేగడి, ఎర్ర అని, వాటిలో మళ్లీ బంక, ఇసుక పాళ్లను బట్టి తరాలుగా విడగొట్టాయి. పన్ను కోసం చేసిన పని కాబట్టి పన్ను రాని బీటిని పట్టించుకోవాల్సిన అవసరం ఆ లెక్కకు లేకపోయింది. ఆ నిర్లక్ష్యం ఇప్పటికీ మన రికార్డుల్లో అలాగే ఉంది.

నేల శాస్త్రంలో నేడు మన దేశంలోనూ వాడే అమెరికన్ వర్గీకరణ రంగు దగ్గర మొదలుకాదు. లోతుగా, బంకగా ఉబ్బే నేలలకు అది వర్టిసాల్స్ అని పేరు పెట్టింది. ఆ పేరు దక్కాలంటే మూడు పరీక్షలు. పైనుంచి 50 సెంటీమీటర్ల దాకా బంకమన్ను 30 శాతానికి తగ్గకూడదు. మీటరు లోతు లోపల కనీసం 25 సెంటీమీటర్ల మందాన స్లికెన్‌సైడ్లు గానీ, ఏటవాలుగా విరిగే పెళ్లలు గానీ ఉండాలి. నెర్రెలు కాలాన్ని బట్టి విచ్చుకుని మూసుకుంటూ ఉండాలి. నెర్రెలు ఏడాదిలో మొత్తం 90 రోజులకు తగ్గకుండా తెరిచి ఉండి, వానాకాలంలో చాలినంత కాలం మూసుకుంటే అది అస్టర్ట్. కర్నూలు, కడప రేగళ్లు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి.

మేత కోణంలో అసలు సంగతి ఆ తర్వాతి మెట్లలో ఉంది. ప్రత్యేక లక్షణమేదీ లేని లోతైన రేగడి టిపిక్ హాప్లస్టర్ట్. మీటరు లోపలే బండో మెత్తరాయో తగిలితే లెప్టిక్, అర మీటరు లోపలే గట్టి బండ తగిలితే లిథిక్. పై 30 సెంటీమీటర్లలో రంగు లేతగానో, గోధుమగానో ఉంటే క్రోమిక్. మీటరు లోపు సున్నం పేరుకుపోయిన పొర ఉంటే అది హాప్లస్టర్ట్ కాదు, కాల్సియస్టర్ట్. సోడియం పాలు ఎక్కువైతే సోడిక్. ఇక స్లికెన్‌సైడ్లు సరిగా ఏర్పడకుండా నెర్రెలు మాత్రం ఉన్నవి, ఉబ్బి కుదించుకునే గుణం కొంతే ఉన్నవి వర్టిసాల్స్‌లోకి రావు, వర్టిక్ హాప్లస్టెప్ట్‌లు అవుతాయి. కొండ వాలు మీది పలచటి రాతి నేలలు లిథిక్ అస్టార్థెంట్‌లు. కొండ నుంచి కుందూ వైపు నడిచే మనిషి కాళ్ల కింద సాధారణంగా ఈ వరుసే వస్తుంది: అస్టార్థెంట్, వర్టిక్ హాప్లస్టెప్ట్, లెప్టిక్, ఆ తర్వాత టిపిక్ హాప్లస్టర్ట్. మధ్యలో వంక ఉన్నచోట వరుస తారుమారవుతుంది, కొట్టుకొచ్చిన గరుసు రేగడి మీద పరుచుకుని ఉంటుంది.

నోరు తిరగని ఈ పేర్ల వల్ల లాభమేమిటంటే, లెప్టిక్ అన్న ఒక్క మాటతో బండ ఎంత లోతున ఉందో తెలిసిపోతుంది. నల్లరేగడి అన్న మాటకు ఆ పని చేతకాదు. లోపాలూ ఉన్నాయి. పేరులో వాలు ఉండదు, పైనున్న రాళ్ల పాళ్లు ఉండవు, మేతకు ఈ రెండూ ముఖ్యం. సోడియం హద్దు విషయం ఇంకా పెద్దది. మట్టి రేణువులు పట్టి ఉంచే లవణ మూలకాల్లో సోడియం వాటాను మార్పిడి సోడియం అంటారు, వర్గీకరణ దానికి 15 శాతం దగ్గర గీత గీసింది. మన దేశపు నల్లనేలల మీద జరిగిన పరిశోధనల్లో మార్పిడి సోడియం 5 శాతం దాటేసరికే నీరు లోపలికి దిగడం బాగా తగ్గిపోతున్నట్టు తేలింది. అంటే చౌడు అని పేరు పడేసరికి గడ్డి ఎప్పుడో పలచబడి ఉంటుంది. కర్నూలు–కడప కాలువ ఆయకట్టు అంచుల్లో, ఊట నీరు చేరే పల్లపు బీళ్లలో దీన్ని ముందే కొలిచి చూడాలి.

చిన్న వాన, పెద్ద వాన

జూన్‌లో పది మిల్లీమీటర్ల జల్లు పడితే గరుసు మిట్ట మీద వారంలో పచ్చదనం వస్తుంది, పక్కనే ఉన్న లోతైన రేగడి బోడిగానే ఉంటుంది. మంచి నేలని పేరున్నది ఎందుకు వెనకబడింది?

మొక్క పీల్చుకోలేనంత బిగువుగా నేల పట్టి ఉంచుకునే నీరు కొంత ఉంటుంది. బరువులో చూస్తే ఇసుక కలిసిన ఎర్రనేలలో అది ఐదారు శాతం, స్మెక్టైట్ బంకలో 20 శాతం పైమాటే. ఎండాకాలం తర్వాత పై మట్టి అంతకంటే ఎంతో ఎక్కువగా ఎండిపోయి ఉంటుంది. పై 15 సెంటీమీటర్లలో ఆ బాకీ తీరడానికే బంక నేలకు అటూఇటుగా 25 మిల్లీమీటర్ల వాన కావాలి, ఎర్ర గరుసుకు 10 చాలు. అది తీరాక పడ్డ వానే వేరుకు అందుతుంది. చిన్న జల్లు రేగడి మీద పైపైన తడిపి మర్నాటి ఎండకు ఆవిరైపోతుంది.

పెద్ద వానలు పడ్డాక లెక్క తిరగబడుతుంది. మొదటి గట్టి వాన నెర్రెల్లోంచి నేరుగా లోతుకు దిగుతుంది, ఆ తర్వాత నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. అక్కడి నుంచి నీరు దిగే వేగం గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు పడిపోతుంది. ఒకసారి నిండితే మీటరు లోతు రేగడి 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా మొక్కకు అందే నీటిని దాచుకుంటుంది. ఏడాదికి అనంతపురంలో 550, కర్నూలులో 670 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే సీమలో ఇది చిన్న నిల్వ కాదు. సెప్టెంబర్ వానలతో నిండిన లోతైన బీడు సంక్రాంతి దాకా మేత ఇవ్వగలదు. అప్పటికి గరుసు మిట్టలు గడ్డిపరక లేకుండా ఎండిపోయి ఉంటాయి. అడుగున్నర లోతున బండ ఉన్న నల్లనేలకు ఈ రెండు సుఖాలూ లేవు. బాకీ రేగడి బాకీయే, నిల్వ మాత్రం సగం కూడా లేదు. మేతకు అన్నిటికంటే బలహీనమైనది ఇదే, కానీ రంగు చూసినవాళ్లు దీన్నీ మంచి రేగడి లెక్కలోనే వేస్తారు.

కాపరులు ఈ తేడాను మందను తోలడంలో పాటిస్తారు. వానల్లో మందలు గరుసు గుట్టల వైపు ఎక్కుతాయి, నేల ఆరాక రేగడి వైపు దిగుతాయి. గడ్డి ఒక్కటే దీనికి కారణం కాదు. తడిసిన బంకలో గొర్రె గిట్టలు కూరుకుపోతాయి, గిట్టల మధ్య మట్టి బిగిసి కుళ్లు పడుతుంది. నేలకూ దెబ్బే. నూక లాంటి పై మట్టి అడుసై, ఆరాక పెంకులా గట్టిపడుతుంది, మొలకను పైకి రానివ్వదు. నెర్రెలు విచ్చుకున్న నేలలో పశువు కాలు ఇరుక్కుని విరగడం ఎండాకాలపు ప్రమాదం. మేత పోరంబోకు చుట్టూ కంచె వేసి ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు మూసేస్తాం అనే పద్ధతి గరుసుకూ రేగడికీ ఒకే నెలలు పెడితే, రెండిట్లో ఒకదానికి తప్పు కాలమే అవుతుంది.

గడ్డి జాతులు కూడా ఈ గీతను పాటిస్తాయి. 1973లో దేశపు పచ్చిక బీళ్లను అయిదు రకాలుగా విభజించినప్పుడు దక్కను పీఠభూమి ప్రాంతాన్ని సెహిమా–డైకాంథియం రకంలో వేశారు. ఇవి రెండు గడ్డి జాతుల పేర్లు. సెహిమా గరుసు వాలును కోరుకుంటుంది, డైకాంథియం లోతైన నల్లనేలను. ఒంగోలు పశువుల మేతగా పేరొందిన చెంగలి గడ్డి కూడా బరువైన బంక నేల గడ్డే. తినేది మితిమీరితే ఈ మంచి గడ్డి ముందు పోతుంది, ముళ్ల గింజల గడ్డి, ఆ తర్వాత సర్కారు తుమ్మ వస్తాయి. ఆ తుమ్మ కాయలు గొర్రెలకు ఇష్టం, పెంటికల్లో గింజలు బీడంతా పడతాయి. విత్తనం చల్లే పథకాల్లో స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్ర ఇసుక నేలలో అది చక్కగా నిలుస్తుంది, నీరు నిలిచే బంకలో నిలవదు. లోతైన రేగడికి శంఖుపుష్పం, దశరథ గడ్డి మేలు.

మట్టి పనుల్లోనూ ఇదే తప్పు. వాలుకు అడ్డంగా సమతలంలో వేసే కట్టలు ఎర్రనేలకు సరిపోతాయి. లోతైన రేగడిలో కట్ట ఎండకు పగిలి, మొదటి పెద్ద వానకు ఆ పగుల్లోంచే నీరు దూరి తెగుతుంది. తెగిన చోట వంక పుడుతుంది. అందుకే నల్లనేలలకు నీటిని మెల్లగా పక్కకు నడిపించే కొద్దిపాటి వాలు కట్టలు, గడ్డి పట్టీలు మంచివని నేల సంరక్షణ నిపుణులు చెబుతూ వచ్చారు. పక్కనే బళ్లారిలో ఈ నేలల కోసమే 1954 నుంచి పరిశోధన కేంద్రం ఉంది, వాళ్ల అనుభవం మన కొండ పాదాలకు నేరుగా పనికొస్తుంది.

ఈ బీళ్ల మీద ఇప్పుడు వేరే గిరాకీ కూడా ఉంది. కర్నూలు, నంద్యాల నడుమ గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక ఎండ బాగా కాసే, చెట్లు లేని విశాలమైన భూమి ఎక్కడుందా అని వెతకడం పెరిగింది. బంజరు అని రాసి ఉన్న భూమిని ఇచ్చేయడం తేలిక. ఏ ముక్క ఇవ్వొచ్చో, ఏది మందలకు ఉంచాలో తేల్చడానికి పెద్ద సర్వే కూడా అక్కర్లేదు. కొండ నుంచి చేల దాకా ఒక గీత మీద ఐదారు గుంతలు, బండ దాకా లోతు, స్లికెన్‌సైడ్లు ఉన్నదీ లేనిదీ, సున్నపు పొర ఎక్కడుందో, ల్యాబ్‌లో బంకమన్ను, సోడియం పాళ్లు. లెప్టిక్, లిథిక్ అని తేలినవి వేరే పనికి పోయినా మందకు పెద్దగా లోటు రాదు. టిపిక్ అని తేలిన ముక్క డిసెంబర్, జనవరి నెలల మేత. దాన్ని పోగొట్టుకున్న ఊరి కాపరులు ఆ రెండు నెలలకు మందను ఎక్కడికి తోలాలో కూడా అదే తీర్మానంలో రాయాలి.